ద్విభాషిని పంపేశాక

ఒసాకా, తైషో వార్డు
డిసెంబరు 28

తొకుహిరా సెయిజి గారికి,

ఉత్తరం మొదట్లో చలి గురించీ మంచు గురించీ రెండు ముక్కలు రాయాలని బళ్ళో చెప్పారు. నేను బడి మధ్యలో మానేశాను. అందుకని నేరుగా విషయానికి వస్తాను. మీరు తయారుచేసిన హిబారి తెరుచుకోవడం లేదు.

నా పేరు ఇనుబుషి చినామి. కుసునోకి హరుజి గారి ఇంట్లో పగటిపూట సహాయకురాలిని. ఒళ్ళు తుడవడం, నోట్లో చేరిన ఉమ్మి గొట్టంతో లాగడం, పక్క మార్చడం నా పని. కుసునోకి గారు ఏటా మీకు కొత్త సంవత్సరం కార్డు పంపుతారు కాబట్టి పేరు తెలిసే ఉంటుంది. మనిషి తెలియకపోవచ్చు. ఆయన టాక్సీ నడిపేవారు. ఎక్కినవాడు దిగేలోపు వాడి అత్తగారి ఊరు కూడా కనుక్కునేవారట. తర్వాత కండరాలు చచ్చుబడే జబ్బు వచ్చి చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి, ఆఖరికి నాలుక పోయింది. మిగిలినవి కళ్ళూ, ఎడమకాలి బొటనవేలూ. ఆ వేలి కింద స్విచ్. తెర మీద అ వరస, క వరస, స వరస అంటూ వెలుగు పాకుతూ పోతుంది. కావలసిన చోట వేలు నొక్కితే అక్షరం పడుతుంది. వాక్యం పూర్తయితే మీ పిట్ట, ఆ హిబారి, దాన్ని పైకి చదువుతుంది. ఇన్నేళ్ళూ ఆయన నోరు అదే.

పాత కంప్యూటర్ మూలుగుతోందని ఈ నెలలో కొత్తది కొన్నాం. అదే సంస్థది. పిట్ట బొమ్మ కొత్త తెర మీద కూడా కనిపిస్తోంది, కానీ నొక్కితే "ఈ సాఫ్ట్‌వేర్‌కు ఇకపై మద్దతు లేదు" అని ఒక ముక్క వస్తుంది. అంతే. క్షమించండి అని కూడా లేదు. నేను కంప్యూటర్లు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాత పత్రికలు చదివి, విప్పి, బిగించి నేర్చుకున్నాను. వెతికితే తెలిసింది. ప్రాసెసర్ మార్చారట. మార్చిన సంగతి ఏళ్ళ కిందటే అందరికీ తెలుసట. అంటే మీకూ తెలుసు. తెలిసి ఏం చేశారు మీరు?

పాతది చచ్చిపోయింది. దాని సంగతి అడగకండి.

తొందరెందుకో చెప్తాను. ఆయన ఊపిరి తగ్గిపోతోంది. గొంతుకు రంధ్రం చేసి శ్వాస యంత్రం పెట్టించుకుంటారా లేదా అని డాక్టరు అడుగుతున్నారు. పెట్టకపోతే వచ్చే ఏడాది దాటడం కష్టం. పెట్టాక తీసేయమంటే ఏ డాక్టరూ తీయడు. ఇలాంటి ప్రశ్నకు జవాబు ఆయన నోటితో ఆయనే చెప్పాలి. ఆ నోరు మీరు తయారుచేశారు. మీరే మూసేశారు.

మీ చిరునామా మీరు ఆయనకు పంపిన కార్డుల కట్టలో దొరికింది. ఈమెయిలు ఎప్పుడో చచ్చింది కదా మీది. జవాబు రాయండి.

ఇనుబుషి చినామి


హమసాకా
జనవరి 6

ఇనుబుషి చినామి గారికి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. ఇక్కడ మంచు చూరు దాకా పేరుకుంది, పొద్దున లేవగానే పార పట్టుకోవడమే సరిపోతోంది. మీ వైపు అంత చలి ఉండదనుకుంటాను. అయినా ఆరోగ్యం జాగ్రత్త.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చిందని కాదు. మీరు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పాలని.

ప్రతి ప్రాసెసర్‌కూ దాని భాష ఒకటి ఉంటుంది. నేను హిబారి రాసిన నాటి యంత్రాలది ఒక భాష. కొన్నేళ్ళ కిందట ఆ సంస్థ ప్రాసెసర్ మార్చింది, దానితో భాషా మారింది. పాత సాఫ్ట్‌వేర్లు ఒక్కసారిగా మూగబోకుండా కొత్త యంత్రాల లోపల ఒక ద్విభాషిని కూర్చోబెట్టారు. హిబారి పాత భాషలో ఏదో అంటే, అతను దాన్ని కొత్త భాషలో ప్రాసెసర్‌కు చెప్పేవాడు. నిదానంగానైనా పని నడిచేది. కిందటి వేసవిలో ఆ ద్విభాషిని పంపేశారు. ఇప్పుడు హిబారి మాట్లాడుతూనే ఉంది, వినేవాడే లేడు. ఇది నా ఒక్కడి చేతిలో ఉన్న పని కాదని మీరు అర్థం చేసుకుంటారని ఆశిస్తాను.

మొత్తం కొత్త భాషలో తిరగరాయవచ్చు. నేను ఈ పని వదిలేసి చాలా కాలమైంది. ఇప్పుడు మా మామగారి ఎండు చేపల కొట్టు చూసుకుంటున్నాను. వయసూ మీద పడింది. మొదలుపెట్టినా ఆరు నెలలు పడుతుంది, అది మీకు పనికిరాదు.

దగ్గరి దారి పాత యంత్రాన్ని బతికించడం. అడగవద్దన్నారు, అయినా అడుగుతున్నాను. ఆ యంత్రాలు "చచ్చిపోయాయి" అన్నప్పుడు సాధారణంగా పోయేది లోపలి విద్యుత్ పెట్టె ఒక్కటే. మూలుగు అన్నారు, అది గాలి పంకాది అయి ఉంటుంది. మీట నొక్కితే దీపం వెలుగుతోందా? శబ్దం ఏమైనా వస్తోందా? రాయగలరు.

ఈసారి కుసునోకి గారి కార్డు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. ఆ కార్డును ఆయన హిబారిలోనే రాసేవారు కదా.

తొకుహిరా సెయిజి


ఒసాకా, తైషో వార్డు
జనవరి 15

తొకుహిరా గారికి,

మీ ద్విభాషి కథ బాగుంది. పిల్లల పుస్తకంలో వేయవచ్చు. కుసునోకి గారికి చదివి వినిపించాను. ఇప్పుడు మేము అక్షరాల పలకతో మాట్లాడుతున్నాం. అవతలి మనిషి కనిపించే ప్లాస్టిక్ పలక, దాని మీద అక్షరాలు. నేను మా ఇద్దరి మొహాల మధ్య పట్టుకోవాలి, ఆయన ఒక అక్షరం వైపు చూడాలి, ఆయన చూపూ నా చూపూ ఒకే అక్షరం మీద కలిసేదాకా నేను పలక జరుపుతూ పోవాలి. నా చేయి నొప్పెడుతుంది, ఆయన కళ్ళు నీరు కారతాయి. మీ ఉత్తరం విన్నాక ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. అది పట్టుకోవడానికి నేను ఉడకబెట్టిన నూడుల్స్ చల్లారిపోయాయి.

"నిరుద్యోగి."

ద్విభాషి గురించి. ఆయన భార్య తొమొయే గారు, నేను పిన్నీ అంటాను, నవ్వి నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

మీరు వదిలేసింది ఇలాంటి మనిషిని. ఎండు చేపలు బాగా అమ్ముడుపోతున్నాయా?

పలకతో ఏమవుతుందో మీకు తెలియదు, చెప్తాను. ఆయన రెండో అక్షరం చూసేసరికే ఎదుటివాళ్ళు మాట పూర్తిచేసేస్తారు. "నీళ్ళా? చలా? దురదా?" ఔనంటే కళ్ళు మూస్తారు. కాదంటే పైకి చూస్తారు. ఎదుటివాడు ఊహించలేని మాట ఏదైనా ఉంటే, అది లోపలే ఉండిపోతుంది. హిబారి ఉన్నప్పుడు ఆయన వాక్యం పూర్తిచేసేదాకా పిట్ట నోరు తెరిచేది కాదు. మేమూ నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం.

కిందటి వారం మియొషి డాక్టరు ఇంటికి వచ్చి గొంతు ఆపరేషన్ సంగతి అడిగారు. కుసునోకి గారు ఔనన్నారు. అలా రాసుకుని వెళ్ళారు. మార్చి మొదటి వారంలో ఆస్పత్రిలో మంచం చూస్తామన్నారు.

ఇంక జవాబు వచ్చేసింది కదా, నీకు హిబారి ఎందుకు అంటారేమో. కావాలి. ఎందుకని అడగకండి. మార్చి లోపల కావాలి.

పాత యంత్రం గురించి అడగవద్దని ముందే చెప్పాను.

చినామి


హమసాకా
జనవరి 20

చినామి గారికి,

"నిరుద్యోగి" అన్న మాట దగ్గర నేను గట్టిగా నవ్వాను. కొట్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఉత్తరాలతో పని జరగదు. పాత యంత్రానికి సరిపోయే విద్యుత్ పెట్టెలు రెండు ఒకాయన దగ్గర సంపాదించాను. నెలాఖరు ఆదివారం పొద్దున రైలుకు బయల్దేరి మధ్యాహ్నానికి మీ ఇంటికి వస్తాను. మీకు వీలు కాకపోతే ఫోను చేయండి, కొట్టు నంబరు కింద రాశాను.

ఒక్కటే కోరిక. పాత యంత్రాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. మరమ్మతు దుకాణానికి ఇవ్వకండి. ఒక్క మర కూడా పారేయకండి. అది ఎంత పాడైనా సరే, అది ఉంటే చాలు.

తొకుహిరా


ఒసాకా, తైషో వార్డు
జనవరి 23

తొకుహిరా గారికి,

రాకండి. టికెట్టు కొని ఉంటే వెనక్కి ఇచ్చేయండి. ఫోనులో చెప్పాలని మీ కొట్టు నంబరు రెండుసార్లు నొక్కి పెట్టేశాను.

పాత యంత్రం చచ్చిపోలేదు. నేను పారేశాను.

డిసెంబరు ఆఖరి వారం మా పేట ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పాత మురికిని కొత్త ఏడాదిలోకి తీసుకెళ్ళకూడదని ఇంటింటా చాపలు ఎత్తి దులపడం, అటకలు దింపడం, కిటికీలు కడగడం. తొమొయే పిన్ని మధ్యాహ్నం భోజనాల దుకాణంలో పనికి వెళ్ళాలి, అందుకని ఇల్లు నేను శుభ్రం చేస్తానన్నాను. కొత్త కంప్యూటర్ ముందురోజే వచ్చింది. రాత్రంతా పాతదాంట్లోవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి ఉంచాను. పిన్ని చెప్పులేసుకుంటూ అడిగింది.

"పాతదాన్ని ఏడాది దాటేదాకా ఉంచుదామా, చినామీ?"

"ఇల్లంతా కడిగి ఈ డొక్కుని పెట్టుకుంటావా పిన్నీ? అన్నీ ఎక్కించేశాను. ఇటు చూడు, పిట్ట కూడా వచ్చేసింది."

పిట్ట బొమ్మ వచ్చింది. నేను దాన్ని నొక్కి చూడలేదు. ఒక్కసారి నొక్కి ఉంటే సరిపోయేది. ఎందుకు నొక్కలేదంటే, నాకు కంప్యూటర్లు వచ్చు కాబట్టి. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నదాన్ని కాబట్టి. నేను విప్పి బిగించిన డబ్బాలన్నిట్లో, పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎక్కిస్తే అయిపోయేది. ఇదీ అంతే అనుకున్నాను. పిన్ని సరే అని వెళ్ళిపోయింది.

అప్పుడు వీధిలో పాత సామాన్ల చిన్న ట్రక్కు మైకులో అరుస్తూ వచ్చింది. పాడైపోయినా పర్వాలేదు, టీవీలు, ఫ్యానులు, కంప్యూటర్లు అని. ఏడాదిలో అదే ఆఖరి చుట్టు అనుకున్నాను. మొదట కాలి దగ్గరి స్విచ్ తీగ పీకాను. తర్వాత యంత్రం ఎత్తాను. దాని వెనక ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము ఒక్కసారి లేచింది. కుసునోకి గారు రెప్పలు టపటపా కొట్టుకుంటున్నారు. పాపం కంట్లో పడిందని యంత్రం కింద పెట్టి, తడిగుడ్డ తెచ్చి రెండు కళ్ళూ మెల్లగా తుడిచి, మొహం గోడ వైపు తిప్పి, దుప్పటి కప్పి, అప్పుడు తీసుకెళ్ళాను. ఆ రోజు మొత్తంలో నేను చేసిన సరైన పని ఆ ఒక్కటే.

ట్రక్కువాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది బాగానే ఉన్నట్టుంది కదమ్మా?"

"ముసలిదైపోయింది, తీసుకుపో," అన్నాను.

మధ్యాహ్నం పిట్టను నొక్కాను. తర్వాత జరిగింది మీకు మొదటి ఉత్తరంలో రాశాను, అబద్ధం ఒకటి కలిపి. మూడు రోజులు సైకిలు మీద పాత సామాన్ల గోదాములన్నీ తిరిగాను. కొండల్లా పోసి ఉన్నాయి, అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఒకచోట ముసలాయన "ఏ రంగు అమ్మాయ్?" అని అడిగితే ఏడుపొచ్చింది, అన్నీ బూడిద రంగే.

పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావు, వాళ్ళు మార్చేశారు," అంటుంది. తిడితే బాగుండును. అందుకే మిమ్మల్ని తిట్టాను.

ఇంకొకటి ఉంది. డాక్టరు వచ్చిన రోజు కుసునోకి గారు ఔననలేదు. కనీసం, అన్నారని నేను ప్రమాణం చేయలేను. పలక పట్టుకున్నది నేనే. ఆయన ఏదో మొదలుపెట్టారు. పలకలో ఆయన చూస్తున్న మూల ఉన్న అక్షరాలతో "ఔను" మొదలవదు, "కాదు" కూడా మొదలవదు. ఇంతలో పిన్ని మంచం పట్టె పట్టుకుని, "నాతో ఉంటావు కదా, ఉంటానని చెప్పు, చెప్పవయ్యా," అని ఏడ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు మూసుకున్నారు. మియొషి డాక్టరు నా వైపు తిరిగి, "ఇనుబుషి గారూ, ఇది ఔనేనా? మీకు ఆయన కళ్ళు బాగా తెలుసు," అన్నారు.

ఔనండీ అన్నాను.

ఎందుకన్నానో తెలుసా? పిన్ని నా మొహం చూస్తోంది. ఆమెను కాదనడానికి నాకు మొహం లేదు, ఆమె భర్త నోరు చెత్తబండి ఎక్కించింది నేనే కదా. ఆయన గొంతు కోయడానికి సరే అని నేను సంతకం పెట్టినట్టయింది. ఆయన తర్వాత పలక వైపు చూడడం లేదు. నేను ఎత్తితే పైకప్పు చూస్తారు.

మీరు ద్విభాషి అన్నారు. నాకంటే ఆ నిరుద్యోగి నయం. వాడు అన్నదే చెప్పేవాడు.

చినామి


హమసాకా
ఫిబ్రవరి 3

చినామి గారికి,

ఈ రోజు ఊళ్ళో అందరూ గుమ్మాల్లోంచి వేయించిన సోయా గింజలు చల్లి దయ్యాలను వెళ్ళగొడుతున్నారు. నేను గింజలు చేత్తో పట్టుకుని, లోపలి గదిలోని అలమర ముందు చాలాసేపు నిలబడ్డాను.

మీరు నాకు నిజం రాశారు. నేను మీకు రాసినదంతా నిజమే, కానీ సగం.

హిబారికి నేను ఎప్పుడూ వెల తీసుకోలేదు. మొదటి తెర మీద ఒక మాట పెట్టాను: "ఇది ఉచితం. పనికొస్తే మీ ఊరి నుంచి ఒక కార్డు పంపండి. కార్డులు వస్తున్నంత కాలం దీన్ని నడుపుతాను." ఆ రోజుల్లో నాలాంటివాళ్ళం అలాగే చేసేవాళ్ళం. కార్డులు వచ్చాయి. కొందరు ఒక్కసారి పంపి ఊరుకున్నారు. ఒక డజను మంది ఏటా పంపేవారు. వాళ్ళంతా కుసునోకి గారి లాంటివాళ్ళే. ఆ జబ్బు సంగతి మీకు తెలుసు. ఒక్కో డిసెంబరులో ఒక్కో ఇంటి నుంచి నల్ల అంచు కార్డు వచ్చేది, ఇంట్లో మరణం వల్ల ఈసారి శుభాకాంక్షలు పంపలేకపోతున్నామని. నేను జాబితాలో ఒక పేరు కొట్టేసేవాడిని.

ద్విభాషిని పంపేస్తారని నాకు ఏళ్ళ ముందే తెలుసు. మీరు మొదటి ఉత్తరంలో అడిగారు, తెలిసి ఏం చేశారని. ఏటా కొత్త సంవత్సరం కార్డులో కుసునోకి గారికి, "మీరు క్షేమమని తలుస్తాను, ఇక్కడ పీతలు బాగా పడుతున్నాయి," అని రాశాను. "కొత్త కంప్యూటర్ కొనకండి, పాతదాన్ని పారేయకండి" అని ఒక్క వాక్యం అదే కార్డులో పట్టేది. రాయలేదు. రాస్తే ఆయన, మరి మీరు కొత్త భాషలో రాసివ్వండి అని అడుగుతారు. అడిగితే కాదనలేను. పొద్దంతా చేపలు ఆరేసి, సాయంత్రం ఆ పనిలో కూర్చోవాలి. నాకు ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఇంకా ఉంది. ఆఖరికి కుసునోకి గారి కార్డు ఒక్కటే మిగిలింది. ఈ జనవరి ఒకటిన కార్డుల కట్టలో ఆయనది కనిపించకపోతే, నా గుండెలో మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక అయిపోయింది అనిపించింది. బరువు దిగినట్టయింది. మూడో రోజున మీ ఉత్తరం వచ్చింది. ఆయన బతికే ఉన్నారు, నోరే పోయింది.

మీరు ఒకసారి పిట్టను నొక్కి చూడలేదు. నేను ఏళ్ళ తరబడి ఒక వాక్యం రాయలేదు. మీరు మూడు రోజులు సైకిలు తొక్కారు. నేను తలుపు కూడా తీయలేదు.

ఆ అలమరలో ఉన్నది నేను హిబారి రాసిన యంత్రం. చివరికి తీసి తుడిచి మీట నొక్కాను. వెలిగింది. పిట్ట తెరుచుకుంది. పార్సిలులో పంపే ధైర్యం లేదు, ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. ఈ ఆదివారమే.

మీరు పాతదాంట్లోంచి ఎక్కించినవాటిలో పిట్ట పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. ఆయన ఇన్నేళ్ళూ వాడిన మాటలన్నీ అందులో ఉంటాయి. ఆయన మొదటి అక్షరం నొక్కగానే హిబారి ఏ మాట ముందుకు తెస్తుందో అక్కడే ఉంటుంది. అది ఎక్కించారు చూడండి, అది మీరు చేసిన మంచి పని.

డాక్టరుకు మీరే చెప్పండి, ఆ ఔను నాది అని. నేను వచ్చేలోపే చెప్పండి.

తొకుహిరా సెయిజి


ఒసాకా, తైషో వార్డు
మార్చి 4

తొకుహిరా గారికి,

కాలవ పక్కన ఉమె పూలు పూశాయి. గాలి ఇంకా చల్లగానే ఉంది, సైకిలు మీద చెవులు గడ్డకడుతున్నాయి. మీ వైపు మంచు కరుగుతోందా? చూశారా, నాకూ వచ్చింది.

మీరు రాకముందు రోజే మియొషి డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అడిగింది నేను కదా. నేనూ తొందరపడ్డాను," అన్నారు. తారీకు కొట్టేశారు. పిన్నికి కూడా చెప్పాను. పిన్ని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. హమ్మయ్య అనిపించింది.

మీరు ఉన్నంతసేపూ కుసునోకి గారు మిమ్మల్ని ఎండు చేపల గురించే వేపుకుతిన్నారు కదా. ఉప్పు ఎంత, ఎండ ఎంత, మామగారు బతికుండగా లెక్కల్లో ఎంత నొక్కేశావు అని. టాక్సీలో కూర్చున్నట్టే ఉంది మీకు. అసలు మాట మీరు రైలెక్కాక మొదలైంది. అది రాస్తాను.

పిన్ని పని నుంచి రాగానే పిట్ట మోగింది.

"తొమొయే. కూర్చో. ఏడవకు."

పిన్ని కూర్చుంది. వెలుగు వరసల మీద పాకుతోంది. మేమిద్దరం నోళ్ళు మూసుకుని చూస్తున్నాం. ఆయన వేలిలో బలం ఇంకా తగ్గింది, ఒక్కోసారి వెలుగు దాటిపోతే మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. టీ చల్లారింది. చివరికి పిట్ట చదివింది.

"ఆ రోజు నేను జవాబు చెప్పడం లేదు. నిన్ను ఒకటి అడుగుతున్నాను. ఆ యంత్రం పెడితే గంటకోసారి నా గొంతులోంచి కఫం లాగాలి. పగలూ రాత్రీ. మీ అక్కతో వేడినీటి బుగ్గల ఊరికి స్నానాలకు పోవడం ఉండదు. నీకు ఓపికుందా? నా మొహం చూసి అబద్ధం చెప్పకు."

పలకతో ఇది రాదు. రెండో అక్షరానికే మేము నీళ్ళా అని అడిగి ఉండేవాళ్ళం. అందరం ఆయన్ని అడిగేవాళ్ళమే. ఆయనకు అడగాల్సింది ఉంటుందని మాకు తట్టలేదు.

పిన్ని ఓపిక ఉంటుంది అంటుందనుకున్నాను. అనలేదు. తువ్వాలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టి, "తెలీదు," అంది. "కొన్ని రోజులు ఉంటుంది. కొన్ని రోజులు ఉండదు. ఉండని రోజున నిన్ను తిట్టుకుంటాను. పైకే తిడతాను."

వెలుగు రెండు చుట్లు తిరిగింది.

"ముప్పై ఏళ్ళుగా తిడుతూనే ఉన్నావు. అది అలవాటే."

పిన్ని ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత వాళ్ళు ఒక వారం బేరమాడుకున్నారు, చేపల బజారులో ఆడినట్టు. రాత్రికి వేరే సహాయకురాలు ఉండాలి. పిన్ని ఏడాదికి రెండుసార్లు అక్కతో వెళ్ళాలి, వెళ్ళి తీరాలి, వెళ్ళనంటే ఆయన కళ్ళు తెరవరు. ఇవన్నీ ఆయనే రాసి, కింద "పెట్టండి" అని రాశారు. మియొషి డాక్టరు తెర మీద చదువుకుని, ఆయనకు వంగి నమస్కరించారు. నా వైపు తిరగలేదు. ఈసారి నన్ను అడగాల్సిన పని లేదు. ఆపరేషన్ ఈ నెల మధ్యలో. ఆలస్యం వల్ల ఊపిరికి కష్టంగానే ఉంది, ముక్కుకు మాస్కు పెట్టారు. అది కూడా నా లెక్కలోదే.

ఇక నా సంగతి. అన్నీ అయ్యాక నన్ను అడుగుతారని తెలుసు. యంత్రం ఏమైందో ఆయనకు నేను నోటితో ఎప్పుడూ చెప్పలేదు. నిన్న పిన్ని పనికి వెళ్ళాక ఒళ్ళు తుడుస్తుంటే పిట్ట మోగింది.

"చినామీ. పాత డబ్బా ఎక్కడ?"

"పారేశాను బాబాయ్. నేనే. నొక్కి చూడకుండా పారేశాను."

"తెలుసు. చూస్తూనే ఉన్నా."

నేను చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. వెలుగు ద వరస మీదికి వచ్చి ఆగింది. మొదటి అక్షరానికే హిబారి ఆ మాటను ముందుకు తెచ్చింది. అంటే ఈ మధ్య ఆయన ఆ మాటను చాలాసార్లు రాసి, మోగించకుండా చెరిపేసి ఉంటారు.

"దుమ్ము పడలేదు."

తర్వాత చాలాసేపటికి ఇంకొకటి వచ్చింది.

"ఆపమన్నాను."

స్విచ్ ముందే పీకేశాను కదా. ఆయన దగ్గర రెప్పలు మాత్రమే ఉన్నాయి. వాటితో ఆయన నా మీద అరిచారు. నేను వాటిని తడిగుడ్డతో తుడిచి, మొహం గోడకు తిప్పి, దుప్పటి కప్పి వెళ్ళాను. మీకు రాశాను, ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే అని. ఆ వాక్యం కొట్టేయండి.

క్షమించండి బాబాయ్ అన్నాను. ఆ మాట అని ఏం లాభం, అయినా అన్నాను. వెలుగు అన్ని వరసలూ తిరిగింది, ఆయన నొక్కలేదు. మళ్ళీ తిరిగింది. అప్పుడు నొక్కారు.

"గుడ్డ మాత్రం చాలా చల్లగా ఉందే, పిల్లా."

నవ్వాలో ఏడవాలో తెలియక గుడ్డ వేడినీళ్ళలో ముంచి తెచ్చాను.

మీ యంత్రం కూడా ముసలిదే. రాత్రి చెవి పెట్టి వింటే అదీ కొంచెం మూలుగుతోంది. హిబారి లోపలి రాత మొత్తం పంపిస్తానన్నారు, ఇంకా రాలేదు. పంపండి. అర్థం కానిచోట తిడుతూ ఉత్తరం రాస్తాను, మీరు చేపలు ఆరేశాక జవాబు రాయండి. ద్విభాషి ఉద్యోగం ఖాళీగా ఉంది కదా. నేర్చుకునేదాకా దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను, శుభ్రం చేసే నెపంతో అసలు ముట్టుకోనివ్వను.

దీంతో కుసునోకి గారి కార్డు పెట్టాను. తైషో పడవ రేవు బొమ్మ ఆయనే ఎంచుకున్నారు. ఈ ఏటి రుసుము అది. ఆలస్యమైనందుకు నన్ను తిట్టమన్నారు.

ఇప్పుడు కళ్ళు తుడిచే ముందు స్విచ్ వేలి కింద ఉందో లేదో చూసుకుని, అడుగుతున్నాను. కొన్నిసార్లు వద్దంటారు. కొన్నిసార్లు నిజంగానే దుమ్ము.

చినామి